డబ్బాలో మిగిలిన పేజీ

రిపేరు కొట్టు, వెనక బల్ల
మార్చి 2

బావా,

కళ్ళద్దాలు తుడుచుకుని చదువు. కొత్త పెట్టె దాచాను.

దాచిన పెట్టెలు వెతికే మన ఆట వెబ్‌సైటులో దాని పేజీ నిన్ననే పెట్టాను. అక్షాంశాలు, రేఖాంశాలు, నాలుగు ముక్కల వివరం, చివర ఒక ఆచూకీ వాక్యం, అన్నీ పద్ధతి ప్రకారం ఉన్నాయి. చోటు పాత రాతి క్వారీ. అక్కడ ఫోన్‌కి ఒక్క గీత సిగ్నల్ కూడా రాదు. నీకెలాగూ ఆ బెంగ లేదనుకో. కంప్యూటర్‌కి తీగ తగిలించి, పేజీ మొత్తాన్నీ ఆ పసుపు జీపీఎస్ డబ్బాలోకి దించుకుని, పెళ్ళికి వెళ్తున్నవాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ బయల్దేరతావు కదా.

ఇప్పటికి పద్నాలుగు పెట్టెలు దాచాను. పద్నాలుగూ నువ్వే ముందు తీశావు. లోపలి చిన్న పుస్తకంలో నీ సంతకం, తేదీ, టైము, కింద ఒక గీత. మందు సీసాకు చీటీ అంటించినట్టే ఉంటుంది. నా పదిహేనోది నీకు దొరకదు. పందెం వద్దులే, నువ్వు ఓడిపోతే అక్క నన్ను తిడుతుంది.

నిన్న మిక్సీ బాగుచేయించుకోడానికి వచ్చిన టీచరమ్మ అడిగింది.

"ఆ పెట్టెల్లో ఏముంటుందండీ?"

"ఒక పుస్తకం, ఒక పెన్సిలు."

"అంతేనా? మరి అంత దూరం పోయి వెతకడం ఎందుకు?"

"దాచారు కాబట్టి."

ఆవిడ మిక్సీ చంకన పెట్టుకుని, నన్ను ఎగాదిగా చూసి పోయింది. ఇంకోసారి మిక్సీ చెడినా వస్తుందన్న ఆశ లేదు.

ఇదంతా ఫోన్‌లో చెప్తే రెండు నిమిషాల పని. కానీ నువ్వు నా ఫోన్ ఎత్తవు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మీ సూపరింటెండెంటు గొంతుతో మాట్లాడినందుకు ఎనిమిదేళ్ళుగా శిక్ష. ఆ ఆదివారం నువ్వు వానలో హాస్పిటల్‌కి పరిగెత్తి, రాని తనిఖీ కోసం బీరువాలన్నీ సర్దుకున్న మాట నిజమే. వారం రోజులు జ్వరంతో పడుకున్న మాటా నిజమే. "నీతో ఏ మాటైనా కాగితం మీదే. గొంతు మార్చగలవు గానీ చేతిరాత మార్చలేవు" అన్నావు. ఆ మాట మాత్రం ఒప్పుకుంటాను. తొమ్మిదో తరగతి తప్పిన చెయ్యి ఇది, ఈ రాతను నేనే రెండోసారి రాయలేను.

అక్కకు చెప్పు, కుట్టుమిషను పెడలు శబ్దం చేస్తే నూనె వెయ్యమని. నన్ను రమ్మంటే వస్తాను, వచ్చినప్పుడల్లా తిట్లు తప్ప ఏమీ పెట్టదు.

నీ బావమరిది

*

హాస్పిటల్ మందుల కౌంటర్, భోజనాల వేళ
మార్చి 6

ఒరేయ్ తుంటరీ,

నీ ఉత్తరం అందింది. అక్షరదోషాలు పదకొండు. పోయినసారి కన్నా మూడు తక్కువ, వృద్ధిలోకి వస్తున్నావు.

నీ పేజీని నిన్న సాయంత్రమే డబ్బాలోకి దించుకున్నాను. వివరం, ఆచూకీ అన్నీ ఎక్కాయి. ఒకసారి దించుకున్నాక మళ్ళీ వెబ్‌సైటు మొహం చూడనని నీకు తెలుసు. పరీక్ష మధ్యలో ప్రశ్నపత్రం మార్చుకునే అలవాటు నాకు లేదు. ఈ ఆదివారం డ్యూటీ పడింది. పదహారున వస్తాను. మీ అక్క కూడా వస్తానంటోంది, పైన బండి దగ్గర కూర్చుని గుండీలు కుట్టుకుంటుందట.

దొరకదని విర్రవీగకు. నేను తెలివైనవాణ్ణని పద్నాలుగు పెట్టెలు దొరకలేదురా. రాసింది రాసినట్టు చదువుతాను, అంతే. ఇరవై ఏడేళ్ళుగా ఈ కిటికీ వెనక చేస్తున్నది అదే. డాక్టర్ల రాత నీ రాతకు పెద్దన్న. అయినా ఒక్కరి చేతిలోనూ ఒక తప్పు మాత్ర పెట్టలేదు. నిన్న ఒక ముసలాయన చీటీ ఇచ్చి, "ఇందులో ఏముందో డాక్టరుకే తెలీదు బాబూ, మీకెలా తెలిసింది?" అన్నాడు. నాకున్న గొప్ప అదొక్కటే.

కిటికీ దగ్గర జనం మూగుతున్నారు. ఉంటాను.

బావ

*

ఇల్లు, కిటికీ పక్క మంచం
మార్చి 30

ఒరేయ్,

ఇది మీ అక్క రాత. చెప్తున్నది నేను. నా కుడి మణికట్టు విరిగి కట్టులో ఉంది.

పదహారున క్వారీకి వెళ్ళాం. డబ్బాలో నీ ఆచూకీ తెరిచి మూడుసార్లు చదివాను. "ఎడమ మెట్లు దిగు. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగి గోడ సందులో చెయ్యి పెట్టు." ఇంతే ఉంది. దిగాను. పదకొండో మెట్టు కాలి కింద నుంచి జారిపోయింది. నేనూ, మెట్టూ, డబ్బా కలిసే కిందకి వెళ్ళాం. మణికట్టు విరిగింది, మడమ నలిగింది, తల పక్కన ఆరు కుట్లు పడ్డాయి. మీ అక్క కేకలకు రాళ్ళ లారీ వాళ్ళు వచ్చి తాడు వేసేసరికి రెండు గంటలైంది. (రెండు గంటలా పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ నేను లెక్కపెట్టాను. అక్క.)

అదేం పెద్ద విషయం కాదు, ఎముకలు అతుక్కుంటాయి. అసలు సంగతి వేరే ఉంది. హాస్పిటల్లో మీ అక్క తన ఫోన్‌లో నీ పేజీ తెరిచింది. అందులో ఏముందో తెలుసు కదా. "కుడి వైపు బండి బాట మీదుగా దిగండి. ఎడమ మెట్లు కూలుతున్నాయి, అటు పోవద్దు." నేను చదివినదానికి సరిగ్గా తలకిందులు. ఇంత స్పష్టంగా రాస్తే ఎలా వెళ్ళావని మీ అక్క అడిగింది. నేను చదివిన మాటలు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాయి. అవి లేవంటున్నారు.

సూటిగా అడుగుతున్నాను. ఆ పేజీని నువ్వు తర్వాత మార్చావా? మార్చి ఉంటే చెప్పు. నవ్వుకుని వదిలేస్తాను. కాలూ చెయ్యీ నీ ఖాతాలో వెయ్యను. (నేను మాత్రం వదలను. ఇది గానీ వీడి వేషమైతే, ఇక నా గుమ్మం తొక్కనివ్వను. అమ్మ పోయాక వీణ్ణి ఎత్తుకుని పెంచిన చేతులతోనే రాస్తున్నాను ఈ మాట. అక్క.)

డబ్బాను పార్సిల్లో పంపుతున్నాను. అద్దం పగిలింది, వెలగడం లేదు. తెరిచి, అందులో ఆ పేజీ ఎలా ఉందో చూసి రాయి. నా కళ్ళు బాగున్నాయో లేదో తేల్చే సాక్ష్యం ఇంకోటి లేదు. నా ఉద్యోగం చదవడమేనని నీకు చెప్పాలా?

బావ

*

రిపేరు కొట్టు
ఏప్రిల్ 8

బావా,

ముందుగా, పద్నాలుగు పెట్టెలు తీసిన వీరుడు పదకొండు మెట్లకే పడిపోవడం చరిత్రలో ఉండిపోతుంది. నీ కట్టు మీద సంతకం చెయ్యడానికి రావాలని ఉంది గానీ ఇక్కడ పని ఊపిరాడనివ్వడం లేదు. ఎండలు ముదిరేసరికి ఊళ్ళోని ఫ్యాన్లన్నీ మాట్లాడుకున్నట్టు ఒకేసారి చచ్చాయి.

డబ్బా తెరిచాను. నీళ్ళు దిగి, లోపలి పలక పచ్చబడింది. మెమరీ మొత్తం పోయింది, ఒక్క అక్షరం మిగల్లేదు. నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను, లాభం లేకపోయింది. దానిమీద ఆశ వదులుకో.

పేజీ సంగతా, అది మొదట్నుంచీ అలాగే ఉంది బావా. కుడీ ఎడమా ఎవరికైనా తడబడతాయి. మొన్న నేనే ఎడమ చెప్పు కుడి కాలికి వేసుకుని సంత దాకా పోయాను, ఒక్కడూ చెప్పలేదు. నీకూ యాభై ఆరు దాటాయి, కళ్ళద్దాలు మార్చి ఎన్నేళ్ళైంది? డాక్టర్ల కోడిగీతలు చదివి చదివి అచ్చక్షరాలు మర్చిపోయి ఉంటావు.

దీన్ని పట్టుకుని బుర్ర పాడుచేసుకోకు. మంచం మీద దొరికిన సెలవు, హాయిగా పడుకో. అక్కను తిట్టనివ్వు, ఆమెకూ కాలక్షేపం.

నీ బావమరిది

*

హాస్పిటల్ మందుల కౌంటర్
మే 11

ఒరేయ్,

కట్టు విప్పారు. అక్షరాలు ఇంకా కొంచెం వంకర పోతున్నాయి, ఓర్చుకుని చదువు.

కళ్ళద్దాలు మార్చాను. కళ్ళ డాక్టరు పాతవే బాగున్నాయన్నాడు. తల మీద దెబ్బ కదా అని మీ అక్క నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఫోటోలు తీశారు. ఏమీ కనపడలేదు. దెబ్బ తగలకముందే తప్పుగా చదివానని నేను చెప్పాను. ఆయన "కొన్ని కనపడవు. ఆరు నెలలు గమనిద్దాం" అన్నాడు. నన్ను గమనించమని మీ అక్కకు చెప్పాడు. తను గమనిస్తోంది. నేను పేపరు చదువుతుంటే కుట్టు ఆపి చూస్తుంది. నేను చూడగానే మళ్ళీ కుడుతుంది.

కౌంటర్‌కి వచ్చి రెండు వారాలైంది. ప్రతి చీటీ చదువుతాను. చదివాక చేతిలోని మాత్రల అట్ట వంక చూస్తాను. ఎడమ అని ఉన్నదాన్ని కుడి అని చదివిన మనిషిని నేను. లేని వాక్యాలు చూశాను, వాటిని మూడుసార్లు చదివాను కూడా. అలాంటివాడు ఒకటి అన్నచోట రెండు చదవడని ఏమిటి నమ్మకం? అందుకని పక్కనున్న కొత్తమ్మాయిని పిలిచి చదివించుకుంటున్నాను. పాపం, విసుక్కోదు. నిన్న ఒకావిడ చంటిబిడ్డకు చుక్కల మందు కోసం వచ్చింది. ఐదు చుక్కలని చదివాను. అమ్మాయీ ఐదే అంది. అయినా ఇవ్వలేకపోయాను. సీసా పట్టుకుని నిలబడ్డాను. బిడ్డ ఏడుస్తోంది, వెనక వరుస కేకలు పెడుతోంది. చివరికి ఆ అమ్మాయే నా చేతిలోంచి సీసా తీసుకుని ఇచ్చింది.

సూపరింటెండెంటుకి కాగితం రాసుకుంటున్నాను, కౌంటర్ నుంచి తప్పించి గోడౌన్‌లో వెయ్యమని. అక్కడ పెట్టెలు ఎత్తడం, పేర్చడం పని. తప్పు చదివినా ఎవరూ పోరు.

నీతో తప్ప ఇంకెవరితోనూ ఇలా చెప్పలేను. నవ్వుతావనే చెప్తున్నాను. ఏదో ఒకటి రాయి, నవ్విస్తే బాగుంటుంది.

బావ

*

రిపేరు కొట్టు
మే 16

బావా,

తొందరపడకు. ఆ కాగితం ఇవ్వకు. ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకో.

నువ్వు తప్పు చదవలేదేమో. యంత్రాలను నమ్మకూడదు బావా, నేను రోజూ చూస్తున్నాను కదా. ఒక్కోసారి పేజీ సగం దిగుతుంది, ఒకదాని ఆచూకీ ఇంకోదానికి అతుక్కుంటుంది. అలాంటిదేదో అయి ఉంటుంది. నీ కళ్ళకు ఏమీ కాలేదు. నీకేమైనా అయితే నాకు తెలీదా?

నవ్వించమన్నావు. రెండు రోజులుగా కూర్చున్నాను. ఏమీ రావడం లేదు.

కాగితం ఇవ్వకు.

నీ బావమరిది

*

హాస్పిటల్ గోడౌన్
జూన్ 5

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చేసరికే కాగితం ఇచ్చేశాను. ఒకటో తేదీన కౌంటర్ బీరువా తాళాలు అప్పగించాను. సూపరింటెండెంటు కుర్చీలోంచి లేచి నిలబడి తీసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

యంత్రం తప్పన్నావు. నేనూ అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. పదిహేనేళ్ళలో ఆ డబ్బా ఒక పేజీని ఇంకోదానికి అతికించడం నేను చూడలేదు. అదీగాక "ఎడమ మెట్లు, ఇరవయ్యో మెట్టు" అనే మాటలు నీ పేజీకి కాక ఇంకెవరి పేజీకి సరిపోతాయి? పేజీ మొదట్నుంచీ అలాగే ఉందని రాసిందీ నువ్వే. నువ్వు గొంతు మారుస్తావు గానీ కాగితం మీద ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. కాబట్టి తప్పు నాలోనే ఉంది. దాన్ని ఒప్పుకున్నాక కొంచెం తేలిగ్గా ఉంది.

గోడౌన్‌లో కిటికీ లేదు. పెట్టెలు వస్తాయి, నేను పేరుస్తాను. పెట్టెల మీది పేర్లు చదివేది గుమాస్తా.

శనివారం సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియడం లేదు. కంప్యూటర్ తీగను మీ అక్క చుట్టచుట్టి డ్రాయరులో పెట్టేసింది. ఇంకో పెట్టె దాచినా నా కోసం దాచకు.

బావ

*

రిపేరు కొట్టు, షట్టరు దించి
జూన్ 19

బావా,

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ వస్తుంది. అందులో నీ డబ్బా ఉంది. బాగుచేశాను. కొత్త అద్దం వేశాను. పక్కనున్న బొత్తాం నొక్కితే వెలుగుతుంది. జాబితాలో మొదటి పేజీ తెరువు. నువ్వు మార్చి ఐదున దించుకున్నదే ఉంటుంది. "ఎడమ మెట్లు దిగు. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగి గోడ సందులో చెయ్యి పెట్టు." నువ్వు చదివిందే, ఒక్క అక్షరం తేడా లేదు.

పేజీ నేనే మార్చాను.

నీళ్ళు దిగలేదు, పలక పచ్చబడలేదు. బ్యాటరీ దగ్గర తీగ ఊడింది, అంతే. ఏప్రిల్లో పార్సిల్ విప్పిన రోజే పది నిమిషాల్లో అతికించాను. పగిలిన అద్దం కిందే వెలిగింది. నా మాటలే నాకు కనిపించాయి. ఆపేసి, గుడ్డలో చుట్టి, పనికిరాని రేడియోల కింద పెట్టాను. అంతా పోయిందని నీకు రాశాను. ఎడమ చెప్పు కుడి కాలికి వేసుకున్నానన్నదీ అబద్ధమే. నువ్వు నవ్వి వదిలేస్తావని రాశాను.

మొదట్నుంచీ చెప్తాను. పెట్టె కుడి వైపే ఉంది, బండి బాట కింద. ఎడమ మెట్లు నా వేళాకోళం. ఇరవయ్యో మెట్టు దగ్గర గోడ సందులో ఒక ఖాళీ డబ్బీ, అందులో ఒక చీటీ పెట్టాను. "ఇక్కడ లేదు బావా. పైకెక్కి కుడి వైపు దిగు. మోకాళ్ళకు మంచిది." అది చదివినప్పుడు నీ మొహం తలుచుకుని రెండు రోజులు నవ్వుకున్నాను.

మార్చి ఏడో తేదీన, మనలాగే పెట్టెలు వెతికే పోస్టాఫీసాయన నాకు కబురు పెట్టాడు. తను వెళ్ళాడట, ఆ మెట్లలో రెండు కాలి కింద కదిలాయట. వెంటనే పేజీ మార్చేశాను. పేజీ మార్చడంతో నా పని అయిపోయిందనుకున్నాను. పదో తేదీన నీ ఉత్తరం వచ్చింది. నిన్న సాయంత్రం దించుకున్నానని రాశావు. పైన తేదీ చూశాను. వేళ్ళ మీద లెక్కపెట్టాను కూడా. నీది ఐదు, నాది ఏడు. నీ డబ్బాలో పాతదే ఉందని, నువ్వు మళ్ళీ దించుకోవని నాకు తెలుసు బావా. తెలీదని రాయబోయి ఆగాను. తెలుసు. ఆరు రోజులు టైముంది. అక్క ఫోన్‌కి ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్తే ఆట పాడవుతుందని చెప్పలేదు. కదిలిన మెట్లే కదా, బావ చూసుకుని దిగుతాడులే, చీటీ చదివి ఉత్తరంలో తిడతాడు, ఆ తిట్లు కొట్టులో అందరికీ చదివి వినిపించాలి అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. ఏమీ అనుకోకపోవడమే నాకు మొదట్నుంచీ ఉన్న జబ్బు.

మార్చావా అని నువ్వు సూటిగా అడిగావు. మార్చానంటే వదిలేస్తానన్నావు. నువ్వు వదిలేస్తావని నాకు తెలుసు. కానీ ఆ పక్కనే అక్క రాత ఉంది. గుమ్మం తొక్కనివ్వనంది. నలభై ఏడేళ్ళవాణ్ణి, ఇల్లూ వాకిలీ లేనివాణ్ణి, ఏడాదికి నాలుగుసార్లు ఆ గుమ్మం తొక్కితేనే నాకు ఒకరున్నారనిపిస్తుంది. ఎముకలు ఎలాగూ అతుక్కుంటాయి, కుడి ఎడమల మాట మర్చిపోతాడు అని లెక్కేసుకున్నాను. నువ్వు నా మాట నమ్మి నీ కళ్ళనే నమ్మడం మానేస్తావని నాకు తట్టలేదు. చుక్కల మందు సంగతి చదివిన రోజు తట్టింది. అప్పుడైనా చెప్పాల్సింది. యంత్రం తప్పని రాశాను. అలా రాసి నీ ఉద్యోగం మిగులుతుందని, నా గుమ్మమూ మిగులుతుందని చూశాను.

తాళాలు అప్పగించానన్న ఉత్తరం వచ్చి పది రోజులైంది. ఈ పది రోజుల్లో ఇది నాలుగోసారి రాయడం. మొదటి మూడింటిలోనూ ఎక్కడో ఒకచోట నవ్వించబోయాను, అందుకే చింపేశాను.

డబ్బా తీసుకెళ్ళి సూపరింటెండెంటుకి చూపించు. నా ఉత్తరం కూడా చూపించు. నేనే వచ్చి చెప్పమంటే వస్తాను, నా గొంతుతోనే చెప్తాను. నీ కిటికీ నీకివ్వమని అడుగు.

నిన్నొక్కటే అడుగుతున్నాను. అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను. అక్కకు మాత్రం చెప్పకు.

నీ బావమరిది

*

హాస్పిటల్ గోడౌన్
జూలై 6

ఒరేయ్,

ఉత్తరం, పార్సిల్ ఒకే రోజు వచ్చాయి.

ముందు ఉత్తరం విప్పాను. గోడౌన్‌లో ఎవరూ లేరు. "పేజీ నేనే మార్చాను" అన్న దగ్గర ఆగాను. మళ్ళీ మొదట్నుంచి చదివాను. అలాగే ఉంది. డబ్బా వెలిగించి చూశాను. ఎడమ మెట్లు, ఇరవయ్యో మెట్టు, అన్నీ ఉన్నాయి. ఇంకెవరైనా అయితే అక్కడితో లేచి సూపరింటెండెంటు గదికి పరిగెత్తి ఉండేవాడు. నేను కూర్చుండిపోయాను. నాలుగు నెలలుగా ఏ మాట చదవాలని కోరుకుంటున్నానో, సరిగ్గా అదే కాగితం మీద ఉంది. డబ్బాలోనూ అదే ఉంది. కావాలనుకున్నదాన్నే చదువుకుంటున్నానేమోనని భయం వేసింది. అలాంటి జబ్బులుంటాయని నరాల డాక్టరు చెప్పాడు.

అందుకని ఇంటికెళ్ళి మీ అక్కకిచ్చి, పైకి చదవమన్నాను.

చదివింది. మిషను ముందు కూర్చుని, మొదట్నుంచి చివరిదాకా, ఎక్కడా ఆగకుండా చదివింది. రేడియోల కింద పెట్టానన్నదీ చదివింది. వేళ్ళ మీద లెక్కపెట్టానన్నదీ చదివింది. చివర అక్కకు మాత్రం చెప్పకు అన్న వాక్యం కూడా అదే గొంతుతో చదివింది. నువ్వు అడిగిన ఒక్కటీ నేను నిలబెట్టలేకపోయాను. నీ మీద కోపంతో చేసిన పని కాదు. నా పరిస్థితి అది.

తర్వాత ఉత్తరం మడిచి నా చేతికిచ్చింది. "అయితే నువ్వు సరిగ్గానే చదివావు" అంది. నాలుగు నెలల్లో మొదటిసారి నన్ను గమనించకుండా చూసింది. ఆ తర్వాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తిట్టినప్పుడల్లా నువ్వు నవ్వేవాడివి. ఈసారి తిట్టలేదు. ఈ ఉత్తరం చివర తననూ నాలుగు మాటలు రాయమని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

సూపరింటెండెంటును కలిశాను. డబ్బా చూపించాను. ఉత్తరం చూపించలేదు, ఆయన చేత నీ రాత చదివించడం ఇష్టం లేకపోయింది. నా వల్ల పొరపాటు జరగలేదని సంతోషించాడు. కౌంటర్‌లో కొత్తమ్మాయి బాగా చేస్తోంది, తనను లేపి నన్ను కూర్చోబెట్టమని ఎలా అడుగుతాను? అయినా ఆయనే అన్నాడు, కావాలంటే ఉదయం పూట మీరు, మధ్యాహ్నం తను అని. ఆలోచించుకుని చెప్తానన్నాను.

ఎందుకు ఆలోచన అంటావా? నిన్న గుమాస్తా రాలేదు. ఒక పెట్టె మీద గడువు తేదీ చదవాల్సి వచ్చింది. చదివాను. సరిగ్గానే చదివానని తెలుసు. తెలిసి కూడా బయటికి వెళ్ళి, వరండా తుడుస్తున్న ఆయన్ను పిలిచి చదవమన్నాను. నేను చదివిందే చదివాడు. చదివి, "అంతేగా సార్, దీనికి నేనెందుకు?" అన్నాడు. నాకేమీ కాలేదని ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఏదో అయిందని నాలుగు నెలలు నమ్మాను. ఆ నమ్మకం డబ్బాలోని పాత పేజీలా లోపలే ఉండిపోయింది. పైన నువ్వేం మార్చినా దానికి తెలియడం లేదు. ఇది నీ బల్ల మీద బాగుపడే వస్తువు కాదు.

నువ్వు వచ్చి చెప్తానన్నావు. ఇప్పుడొద్దు. మీ అక్క ఆ తలుపు తీసి తనంతట తను నీ పేరెత్తేదాకా వద్దు. ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలీదు. మార్చి ముప్ఫైన నేను అడిగినప్పుడు నువ్వు ఒక్క అక్షరం రాసి ఉంటే సరిపోయేది. తను నెల రోజులు గుమ్మం వేసేది, ఆ తర్వాత తనే తీసేది. నేను తీయించేవాణ్ణి. ఇప్పుడు తీయించే ఓపిక నాకు లేదు.

ఈ ఉత్తరం అయిపోయింది. ఒకసారి చదువుకున్నాను. ఇంటికెళ్ళాక మీ అక్కకిస్తాను, నేను రాశాననుకున్నదే ఇందులో ఉందో లేదో చూడమని. తను సరేనంటేనే పోస్టులో వేస్తాను.

బావ